పాలు పాడైనా 'ఆఫే', అలారం మోగినా 'ఆఫే'!

మనం ఇంట్లో వాడే ఇంగ్లీషు మాటల్లో 'ఆఫ్' అంత చనువుగా తిరిగే మాట ఇంకొకటి లేదనుకుంటాను. "ఒరేయ్, ఆ ఫ్యాను ఆఫ్ చెయ్యరా, బిల్లు ఎవరు కడతారు?" అంటాం. "రేపు మీ అన్నయ్యగారికి ఆఫ్, తీరిగ్గా మాట్లాడుకుందాం" అంటాం. మోటారు ఆఫ్, టీవీ ఆఫ్, సెల్లు స్విచ్చాఫ్. పనిమనిషి కూడా "అమ్మా, గీజరు ఆఫ్ చేశా" అనే చెబుతుంది. ఇలా వాడీ వాడీ మనందరి బుర్రల్లో ఒకే అర్థం గట్టిపడిపోయింది. ఆఫ్ అంటే ఆగిపోవడం, లేదా ఆపెయ్యడం. అంతే.

ఈ వారం మన శీర్షికలో మాట 'గో ఆఫ్'. గో అంటే వెళ్ళడం, ఆఫ్ అంటే ఆగడం, రెండూ కలిపితే ఆగిపోవడం, ఇందులో ఏముందీ అంటారేమో. సగం దాకా మీరన్నది నిజమే. 'ది లైట్స్ వెంట్ ఆఫ్' అంటే లైట్లు ఆరిపోయాయి. నీళ్ళు కాగాక గీజరు దానంతటదే ఆగితే 'ఇట్ గోజ్ ఆఫ్ బై ఇట్‌సెల్ఫ్' అంటారు. ఇక్కడిదాకా హాయిగానే ఉంది. చిక్కంతా రెండో సగంలోనే.

మా వీధిలో ఒకావిడ కూతురి పురిటికని అమెరికాలో న్యూజెర్సీ వెళ్ళి ఆరు నెలలు ఉండి వచ్చింది. తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదువుకున్న మనిషి. బస్సు బోర్డులు, మందుల పేర్లు, మనవడి స్కూలు డైరీ అన్నీ కూడబలుక్కుని చదివేస్తుంది. అక్కడ వాళ్ళుండే అపార్ట్‌మెంటులో తలుపు వెనకాల ఒక కాగితం అంటించి ఉందట. 'ఇఫ్ ది ఫైర్ అలారమ్ గోజ్ ఆఫ్, లీవ్ ది బిల్డింగ్.' ఆవిడ ఆ కాగితాన్ని ఒకటికి రెండుసార్లు చదివి అర్థం చేసుకుంది. అలారం ఆగిపోయాక బిల్డింగులోంచి బయటికి వెళ్ళాలి, అని.

ఒకరోజు కూతురూ అల్లుడూ చెకప్పుకని డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఇంట్లో ఈవిడా, ఇరవై రోజుల పసిగుడ్డూ. చెవులు చిల్లులు పడేలా అలారం మొదలైంది. ఆవిడ బిడ్డ చెవులకి మెత్తటి గుడ్డ అడ్డం పెట్టి, గుండెలకి హత్తుకుని, అది ఎప్పుడు ఆగుతుందా అని సోఫాలో కూర్చుంది. కాగితం చెప్పింది అదే కదా మరి! పక్క ఫ్లాటు అమ్మాయి వచ్చి తలుపు దబదబా బాదితే అప్పుడు కిందికి దిగింది. దేవుడి దయవల్ల నిప్పూ లేదు, ముప్పూ లేదు. కింది అంతస్తులో ఎవరో రొట్టె మాడ్చారట.

వాళ్ళింట్లో ఇది చెప్పుకుని ఇప్పటికీ నవ్వుకుంటారు. నాకు మాత్రం నవ్వు రాలేదండీ. ఆవిడ చదవకపోవడం వల్ల రాలేదు ఈ చిక్కు, శ్రద్ధగా చదవడం వల్లే వచ్చింది. మనలో ఎవరమైనా అలాగే చదివి ఉండేవాళ్ళం. ఏటా ఎందరు తల్లులు, అత్తగార్లు ఆ దేశాలకి వెళ్ళి వస్తున్నారో మీకు తెలుసు కదా! అందుకే ఈ రెండు ముక్కల మాట గురించి ఈ వారం కాస్త ఎక్కువే రాస్తున్నాను.

ముందు అలారం సంగతి తేల్చేద్దాం. 'ది అలారమ్ వెంట్ ఆఫ్' అంటే అలారం మోగింది. ఆగింది అని కాదు, మోగింది! తెల్లవారుజామున సెల్లులో మోగేదైనా సరే, కారు మీద చెయ్యి పడితే కూసేదైనా సరే, ఇంటి కప్పుకి బిగించిన పొగ అలారం అయినా సరే, మోగిందంటే 'గో ఆఫ్' అయినట్టే. దాన్ని ఆపితే 'టర్న్ ఆఫ్' లేదా 'స్విచ్ ఆఫ్'. కాబట్టి 'ది అలారమ్ వెంట్ ఆఫ్ ఎట్ ఫైవ్ అండ్ ఐ టర్న్‌డ్ ఇట్ ఆఫ్' అంటే ఐదింటికి అలారం మోగింది, నేను నొక్కి ఆపేశాను. ఒకే వాక్యంలో ఒక ఆఫ్‌కి మోత, ఇంకో ఆఫ్‌కి నిశ్శబ్దం. మనం చేసింది ఆపడం, అది తనంతట తాను చేసింది మోగడం. ఇంకొకటి కూడా ఉంది, 'సెట్ ఆఫ్'. మోగేలా చెయ్యడం అన్నమాట. 'మై పోపు సెట్ ఆఫ్ ది అలారమ్' అంటే నా పోపు ఘాటుకి అలారం మోగింది. అమెరికాలో మన వంటలతో ఇది రోజూ ఉండే భాగోతమే.

మోగడానికి ఆఫ్ ఏమిటి, అడ్డదిడ్డంగా! అని విసుగొస్తుంది. ఎలుకలబోను గుర్తు తెచ్చుకోండి. స్ప్రింగు వెనక్కి లాగి, కొక్కెం తగిలించి, కొబ్బరిముక్క పెట్టి వదిలేస్తాం. ఎలుక ముట్టుకోగానే కొక్కెం విడిపోయి టప్పున పడుతుంది. పాతకాలం కీ ఇచ్చే గడియారం కూడా అంతే, బిగించి పెట్టి ఉంచుతాం, వేళకి విడిపోయి గణగణ మోగుతుంది. తుపాకీ కూడా అంతే. 'ది గన్ వెంట్ ఆఫ్' అంటే తుపాకీ పేలింది. 'ది బాంబ్ వెంట్ ఆఫ్' అంటే బాంబు పేలింది. దీపావళికి తుస్సుమన్న చిచ్చుబుడ్డి 'డిడ్ నాట్ గో ఆఫ్'. బిగబట్టి ఉన్నది ఒక్కసారిగా విడిపోవడం అని బొమ్మ కట్టుకుంటే మళ్ళీ మరిచిపోరు.

ఇక్కడే ఇంకో ముక్క. అమెరికా ఇళ్ళల్లో ఆ కప్పు మీది అలారం మూడేసి కూతలు కూసి కాస్త ఆగి మళ్ళీ మూడు కూస్తే సాధారణంగా పొగ అని గుర్తు. నాలుగేసి కూతలైతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు. దానికి వాసనా ఉండదు, రంగూ ఉండదు, కాబట్టి "ఏమీ మాడలేదే" అనుకుని ఉండిపోకూడదు. ఎప్పుడో ఒకసారి టిక్కుమని పిట్ట కూత కూస్తుంటే బ్యాటరీ అయిపోవచ్చిందని. మీ పోపేనని కళ్ళారా చూస్తే కిటికీ తీసి, తువ్వాలుతో అలారం కింద విసిరితే ఆగుతుంది. బ్యాటరీ మాత్రం పీకెయ్యకండి. కారణం తెలియకపోతే మారు ఆలోచన లేకుండా బయటికి, లిఫ్టులో కాదు, మెట్ల మీదుగా. బయటపడ్డాకే ఫోను. అమెరికాలో అయితే 911, ఇంగ్లండులో అయితే 999.

సరే, భయాలు చాలు, వంటింట్లోకి వద్దాం.

'ది మిల్క్ హాజ్ గాన్ ఆఫ్' అంటే పాలు పాడయ్యాయి, పులిసిపోయాయి. చేప వాసన వచ్చినా, ఫ్రిజ్‌లో మూడోనాటి పప్పు జిగురు సాగినా ఇదే మాట. ఇది ఎక్కువగా ఇంగ్లండు వాళ్ళ వాడకం. అమెరికావాళ్ళు 'గాన్ బ్యాడ్' అంటారు. లండనులో కొత్తకాపురం పెట్టిన మన అమ్మాయితో పక్కింటావిడ పాలు 'ఆఫ్' అయ్యాయంటే, పాల ప్యాకెట్టుకి స్విచ్చు ఎక్కడుందా అని వెతుక్కోనక్కర్లేదు. అక్కడి హోటల్లో 'ది ఫిష్ ఈజ్ ఆఫ్' అంటే ఇంకో చిత్రం. వడ్డించేవాడు అన్నాడంటే ఇవాళ చేప అయిపోయింది, లేదు అని. తినేవాడు ముక్కు మూసుకుని అన్నాడంటే చేప కుళ్ళిందని! ఎవరు అన్నారో చూసుకోవాలి.

పాల మాటకే ఇంకో మెలిక ఉంది. 'ది మిల్క్ వెంట్ ఆఫ్' అంటే పాలు పాడయ్యాయి. 'ఐ వెంట్ ఆఫ్ మిల్క్' అంటే పాలు బాగానే ఉన్నాయి, నాకే వాటి మీద ఇష్టం పోయింది. వేవిళ్ళప్పుడు మనందరికీ తెలిసిన అవస్థే ఇది. నిన్నటిదాకా రోజుకి మూడు గ్లాసులు తాగిన కాఫీ, ఇవాళ వాసన తగిలితే కడుపులో తిప్పేస్తుంది. 'ఐ హావ్ గాన్ ఆఫ్ కాఫీ'. ఇదీ ఇంగ్లండు మాటే. మనుషుల మీద కూడా వాడతారు. 'షీ హాజ్ గాన్ ఆఫ్ హిమ్' అంటే ఆ అమ్మాయికి అతని మీద మనసు విరిగింది. ఆఫ్ తర్వాత ఇంకో పేరు వస్తే అర్థం ఇలా తిరగబడుతుంది, ఆ ఒక్కటీ గమనిస్తే చాలు.

'ది బేబీ హాజ్ గాన్ ఆఫ్' అన్నా కంగారు పడకండి. పాప నిద్రపోయింది అని. ఇదీ అక్కడివాళ్ళు చెప్పుకునేదే, ఉయ్యాల దగ్గర గుసగుసగా.

ఇక పెళ్ళి. ఈ మాట దగ్గర ఎవరికైనా గుండె ఆగుతుంది. 'ది వెడ్డింగ్ వెంట్ ఆఫ్ వెల్' అంటే పెళ్ళి చక్కగా జరిగింది, ఏ అరమరికా లేకుండా గట్టెక్కింది. 'ది వెడ్డింగ్ ఈజ్ ఆఫ్' అంటే పెళ్ళి రద్దు! మధ్యలో 'వెంట్', 'ఈజ్' తేడాయే, కానీ ఒకదానికి లడ్డూ పంచాలి, ఇంకోదానికి అడ్వాన్సులు వెనక్కి అడగాలి. అలారానికీ ఇదే తేడా. 'ది అలారమ్ ఈజ్ ఆఫ్' అంటే అది పనిచెయ్యకుండా ఆపి ఉంది. 'ది అలారమ్ వెంట్ ఆఫ్' అంటే మోగింది. మన ఇళ్ళల్లో తిరిగే ఆఫ్ ఈ 'ఈజ్' పక్కన ఉండే ఆఫేనండీ. దాన్నే తెచ్చి 'గో' పక్కన పెట్టి చదవడం వల్లే న్యూజెర్సీలో ఆవిడ సోఫాలో కూర్చుండిపోయింది.

ఇప్పుడు అసలు మాట చెబుతాను. ఇన్ని అర్థాలు బట్టీ పట్టాలా, మా వల్ల కాదు అని పేజీ తిప్పెయ్యబోతున్నారేమో, ఒక్క నిమిషం ఆగండి. పైన నేను చెప్పిన తెలుగు అర్థాలన్నీ మన వంటింటి మాటల్లో మళ్ళీ పలికి చూడండి. కరెంటు పోయింది. పాలు పాడైపోయాయి. కాఫీ మీద ఇష్టం పోయింది. పాప నిద్రపోయింది. బాంబు పేలిపోయింది. పెళ్ళి చక్కగా జరిగిపోయింది. ఆయన చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు (ఇదీ 'హీ వెంట్ ఆఫ్' అనే అంటారు). ఏం కనిపించింది? అన్నిట్లోనూ మన 'పోవు' ఉంది! అలారం ఒక్కటే మిగిలిందంటారా? "ఫోను అలా మోగిపోతోంది, ఎవరూ తియ్యరేమే?" అని పొయ్యి దగ్గర్నుంచి కేకేసేది మనమే కదా!

ఇది కనిపెట్టిన రోజు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. 'పోవు' అంటే వెళ్ళడమే అయినా, పాలు ఎక్కడికి పోయాయి, పాప ఎక్కడికి పోయింది అని మనల్ని ఎవరూ అడగరు. పుట్టినప్పటినుంచీ వింటున్నాం కాబట్టి పక్కనున్న మాటని బట్టి అర్థం దానంతటదే తెలుస్తుంది. 'వేయు' కూడా చూడండి. తలుపు వేస్తాం, ముగ్గు వేస్తాం, జడ వేస్తాం, పోపు వేస్తాం, ఓటు వేస్తాం, భయం వేస్తుంది, ఆకలి వేస్తుంది. తెలుగు నేర్చుకునే పరాయివాడికి ఇదంతా ఎంత తలనొప్పో ఆలోచించండి. పిల్లలు మన ఇంగ్లీషుకి నవ్వినప్పుడు "తలుపు వెయ్యడానికీ, భయం వెయ్యడానికీ ఏమిటి సంబంధం, చెప్పు చూద్దాం" అని అడగండి. నోరు మూత పడుతుంది.

ఇంగ్లీషు పెద్దలకి కూడా ఈ సంగతి ఎప్పుడో తెలుసు. 1755లో శామ్యూల్ జాన్సన్ అనే ఆయన ఇంగ్లీషుకి పెద్ద నిఘంటువు రాశాడు. క్రియకి ఇలా చిన్నమాట తగిలించి అర్థం మార్చేసే అలవాటు తమ భాషలో చాలా ఎక్కువనీ, పరదేశీయులకి అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది ఇదేననీ ఆ పుస్తకం ముందుమాటలోనే ఒప్పుకున్నాడు. వీటికి 'ఫ్రేజల్ వెర్బ్' అన్న పేరు ఆ తర్వాతెప్పుడో, 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ అనే ఆయన పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. మన పిల్లలు గ్రామరు పుస్తకంలో చదివేది ఆ పేరే.

అయితే ఈ 'పోవు' కిటుకు చదవడానికీ వినడానికే. తిరగేసి మాట్లాడబోతే దెబ్బతింటారు. పరువు పోయిందనడానికి 'గో ఆఫ్' పనికిరాదు. బియ్యం అయిపోయాయనడానికీ పనికిరాదు. ఎదురుగా 'గో ఆఫ్' కనిపిస్తే మాత్రం 'ఆగు' అన్న మాట పక్కన పెట్టి 'పోవు' పెట్టి చదవండి. పదింట తొమ్మిదిసార్లు దారి దొరుకుతుంది. దొరకని పదోది కూడా చెప్పేస్తాను. అమెరికాలో 'షీ వెంట్ ఆఫ్ ఆన్ మీ' అంటే ఆవిడ నా మీద విరుచుకుపడింది, ఎడాపెడా తిట్టింది అని. ఇక 'హీ వెంట్ ఆఫ్ విత్ మై అంబ్రెల్లా' అంటే నా గొడుగు పట్టుకుపోయాడు. ఇందులో మళ్ళీ పోవడం ఉంది లెండి.

పొయ్యి దగ్గరి మాట ఒకటి మిగిలింది, ఇది ఇంగ్లీషు కోసం కాకపోయినా తెలుసుకోవాలి. పాలు పొంగి స్టవ్ మీద పడితే మంట ఆరిపోతుంది కదా, దాన్ని 'ది ఫ్లేమ్ వెంట్ అవుట్' అంటారు, 'అవుట్'. గ్యాసు 'ఆఫ్' అయిందని అర్థం కాదు. మంట అవుట్ అయింది, గ్యాసు ఆన్‌లోనే ఉంది, చప్పుడు లేకుండా వచ్చేస్తూనే ఉంటుంది! మన తెలుగులోనూ తేడా ఉంది, స్టవ్ ఆరిపోవడం వేరు, స్టవ్ కట్టెయ్యడం వేరు. ఫోనులో ఉండి "స్టవ్ ఆరింది" అని లోపలినుంచి ఎవరైనా అంటే, "కట్టేశావా, ఆరిపోయిందా?" అని తిరిగి అడగండి. ఆరిపోయిందంటే ముందు నాబు తిప్పాలి, తర్వాత సిలిండరు దగ్గర రెగ్యులేటరు కట్టెయ్యాలి, కిటికీలు తెరవాలి. ఆ కాసేపూ ఏ స్విచ్చూ వెయ్యకూడదు, తియ్యకూడదు. ఫ్యాను, లైటు ఏదైనా సరే, ఉన్నది ఉన్నట్టే ఉండనివ్వాలి.

మీవాళ్ళు ఎవరైనా పురిటికో, మనవల్ని చూడటానికో ప్రయాణం కడుతుంటే, ఆవకాయ ప్యాకింగు అయ్యాక ఒక పావుగంట కూర్చోబెట్టి ఈ అలారం ముక్క ఒక్కటీ చెప్పండి. వాళ్ళు దిగిన ఇంట్లో తలుపు వెనకాల అలాంటి కాగితం ఉంటే దాని కింద తెలుగులో 'ఇది మోగితే బిడ్డనెత్తుకుని మెట్లు దిగి బయటికి వెళ్ళాలి' అని పెద్ద అక్షరాలతో రాసి అంటించమని పిల్లలకి చెప్పండి. దీనికి నామోషీ పడాల్సిందేమీ లేదు.

చివరగా ఒక ముక్క ఇస్తున్నాను, కూర తరుగుతూ విడదీసి చూడండి. 'ది అలారమ్ వెంట్ ఆఫ్ ఎట్ ఫైవ్. ది లైట్స్ వెంట్ ఆఫ్ ఎట్ సిక్స్. ది మిల్క్ వెంట్ ఆఫ్ ఎట్ సెవెన్. హీ వెంట్ ఆఫ్ ఎట్ ఎయిట్. ది బేబీ వెంట్ ఆఫ్ ఎట్ నైన్, అండ్ ఐ హావ్ గాన్ ఆఫ్ కుకింగ్.' ఐదూ ఒకే 'ఆఫ్', ఐదింటికీ ఐదు అర్థాలు, చివర ఆరోది మన అందరి మనసులో మాట. చదవగానే మీ ఇంట్లో సోమవారం పొద్దున్న కళ్ళకి కట్టిందా? అయితే మీకు వచ్చేసినట్టే.

వచ్చే వారం 'పుట్ ఆఫ్'. దీపం ఆర్పమనడానికి మనం వాడేది, ప్రయాణం వాయిదా వెయ్యడానికి వాళ్ళు వాడేది. ఈలోగా ఇలాంటి మాటలు మీకేవైనా తగిలితే ఉత్తరం రాయండి, తీరిక చూసుకుని జవాబిస్తాను.